ఒంగోలు దాటిన చుక్క

గుంటూరులో నల్లపాడు వెళ్ళే రోడ్డు మీద మా లారీ బుకింగ్ ఆఫీసు ఉండేది. రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక ల్యాండ్‌ఫోను, గోడకి ఒక నల్లబోర్డు. ఆ బోర్డు మీద ఇరవై రెండేళ్ళపాటు సుద్దముక్కతో రాసింది నేనే. బండి వచ్చి షెడ్డు ముందు ఆగగానే డ్రైవరు లోపలికొచ్చి నంబరు చెప్పేవాడు. నేను దాన్ని అందరికంటే కింద రాసేవాణ్ణి. దీన్ని సీరియల్ అనేవాళ్ళం. మిర్చి యార్డు నుంచో, కోల్డ్ స్టోరేజీ నుంచో, పత్తి జిన్నింగు మిల్లు నుంచో లోడుందని ఫోనొస్తే బోర్డులో అన్నిటికంటే పైనున్న బండికి అది పోయేది. మంచి లోడైనా పాడు లోడైనా నీ వంతుకొచ్చింది నీది. వద్దన్నావా, మళ్ళీ అడుక్కి పోతావు.

మూడేసి రోజులు వంతు రాక బండి కిందే వంట చేసుకున్నవాళ్ళున్నారు. ఎంత ఆలస్యమైనా ఎవడూ వరస తప్పేవాడు కాదు. తప్పితే మిగతావాళ్ళు బతకనిచ్చేవాళ్ళు కాదు. ఆ వరసంతా నా చేతిలో ఉండేది. నేను బయటికొస్తే డ్రైవర్లు బీడీ పారేసి లేచి నిలబడేవాళ్ళు. అది నాకు ఇష్టంగా ఉండేదని ఒప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. చిన్న అధికారమే తొందరగా తలకెక్కుతుంది, నాకు బాగానే ఎక్కింది.

ఆ డ్రైవర్లలో ఒకడు నాకు దగ్గరివాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. సొంత బండి, పది టైర్లది. మేదరమెట్ల నుంచి అద్దంకి పోయే రోడ్డులో, కాస్త లోపలికి వాళ్ళ ఊరు. ముస్లింలే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నన్ను అన్నా అనేవాడు, నేను ఏరా అనేవాణ్ణి. ఒకసారి వాడి బండిలో ఒంగోలు వెళ్తుంటే దారిలో యాక్సిల్ విరిగింది. మెకానిక్కు వచ్చేలోపు నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు.

అక్కడ వాళ్ళమ్మని చూశాను. ఆవిడ సీజన్లో మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. రోజంతా కాయల్లో ఉన్న వేళ్ళతో ముఖం ముట్టుకుంటే కళ్ళు మండిపోతాయి కాబట్టి చెమట పడితే మోచేత్తో తుడుచుకునేది. అలవాటు ఎంత ముదిరిందంటే, కూలి లేని రోజున ఇంట్లో నాకు అన్నం వడ్డిస్తూ కూడా మోచేత్తోనే నుదురు తుడుచుకుంది. ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర పెట్టింది. నేను చెయ్యి కడుక్కునేదాకా పక్కనే కూర్చుంది. వాడికి రోజూ ఫోన్ చేస్తారా అమ్మా అని మాటవరసకి అడిగాను. "వాడే చేస్తాడు నాయనా. మేం చెయ్యం. బండి మీదున్నప్పుడు ఫోన్ మోగితే చెయ్యి జారుద్ది" అంది. ఆ కూర రుచి నాకు ఇంకా గుర్తుంది. గుర్తుండి ఏం లాభమో తర్వాత మీకే తెలుస్తుంది.

కొన్నాళ్ళకి లోడ్లు ఫోన్లలోకొచ్చాయి. వ్యాపారి తన కొట్లో కూర్చుని, ఇన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఫలానా ఊరికి పోవాలని యాప్‌లో పెడితే, ఎక్కడున్న డ్రైవరైనా నాకివ్వండని నొక్కేయడమే. మధ్యలో బోర్డు లేదు, సుద్దముక్క లేదు, నేను లేను. డ్రైవర్లకి మంచే జరిగింది, కాదనను. చెన్నై వెళ్ళినవాడు అక్కడ తిరుగు లోడు కోసం నాలుగు రోజులు ఎదురుచూడకుండా, ఇక్కడ బయల్దేరకముందే అక్కడి లోడు ఖాయం చేసుకుంటున్నాడు. వాళ్ళకి మంచి జరిగింది కదా అని నేను సంతోషించాలా? నాకంత పెద్ద మనసు ఎప్పుడూ లేదు.

ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు తొమ్మిది బండ్లున్నాయి. మనవాడిది ఏడో నంబరు. ఫోన్ కిచకిచమంది. చూసుకున్నాడు, బండెక్కాడు, వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. మూడు రోజుల తర్వాత తిరిగొచ్చి, నలుగురూ ఉండగా బల్ల మీదికి వంగి ఫోన్ చూపించాడు. "అన్నా, బోర్డు చూసుకుంటా కూచుంటే కడుపు నిండదన్నా. నువ్వు కూడా ఇది పెట్టుకో. నీ మొహానికి ఎవరన్నా లోడిస్తారేమో చూద్దాం" అన్నాడు. వాడు సరదాకే అన్నాడు. మేమిద్దరం అంతకంటే మోటుగా మాట్లాడుకున్న రోజులున్నాయి. కానీ అక్కడున్న డ్రైవర్లందరూ నవ్వారు. నేను వస్తే లేచి నిలబడేవాళ్ళు కూర్చునే నవ్వారు. నేనూ నవ్వి, ఏడో నంబరుని అరచేత్తో తుడిచేశాను.

రెండేళ్ళలో బోర్డు ఖాళీ అయింది. ఓనరు షెడ్డు అమ్ముకున్నాడు, ఇప్పుడక్కడ టైర్ల కొట్టుంది. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అవుతాయంటారు. మా అక్క కొడుకు ఎవరినో పట్టుకుని నాకు మంగళగిరిలో ఉద్యోగం చూశాడు. ఏ యాప్ నా బోర్డుని మింగిందో, అలాంటి యాప్ ఆఫీసులోనే.

అద్దాల గది, చల్లటి గాలి, వరసగా తెరలు. నా తెర మీద నలభై చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో లారీ. చీమకుర్తి నుంచి గ్రానైటు మోసేవి, గుంటూరు నుంచి మిర్చీ పత్తీ మోసేవి అన్నీ అక్కడే. చుక్క అంటే నిజానికి బండి కాదు, డ్రైవరు జేబులో ఉన్న ఫోను. కొత్త బండ్లకైతే జీపీఎస్ పెట్టెలు బిగించి ఉంటాయి. పాత బండ్లకి డ్రైవర్ ఫోనే బండి. ఫోన్ కదిలితే బండి కదిలినట్టు, ఫోన్ ఆగితే బండి ఆగినట్టు.

అరగంటకి మించి ఆగితే చుక్క ఎర్రబడుతుంది. నేను ఫోన్ చెయ్యాలి. డ్రైవరు కారణం చెప్తే తెర మీదున్న జాబితాలోంచి ఎంచుకోవాలి. పంచరు, ఇంజను, పోలీసు చెకింగు, ట్రాఫిక్కు, భోజనం. వీటిలో ఏదీ కాకపోతే డ్రైవరు మార్కులు పడిపోతాయి, పది రోజులపాటు వాడి ఫోన్లో లోడ్లు కనపడవు. ఇంకొక్క దారి ఉంది. ప్రత్యేక అనుమతి అని ఒక పచ్చ బటను. జాబితాలో లేని కారణానికి రెండు గంటలు ఆగనివ్వడానికి దాన్ని నేను నొక్కవచ్చు. రోజుకి మూడుసార్లు. ఎవరికివ్వాలో, ఎందుకివ్వాలో నా ఇష్టం. ఆ బటనుందని డ్రైవర్లకి తెలియదు. తెలియనివ్వకూడదని రూలు.

నాకు మళ్ళీ సుద్దముక్క దొరికినట్టయింది. ఫోన్ చేసి, "ఎందుకాగారండీ?" అని అడుగుతుంటే అవతల గొంతు తడబడేది. ఆ తడబాటు నాకు బాగుండేది. కుర్చీ మారింది గానీ నేను మారలేదు.

ఆ రోజు ఎండాకాలం, మిర్చి సీజను ముమ్మరంగా ఉంది. పొద్దున్నే మా టీం లీడరు, మా అమ్మాయి కంటే చిన్నపిల్ల, నా కుర్చీ వెనక నిలబడింది. "నిన్న మూడు అనుమతులూ వాడేశారు సార్. మొన్న కూడా మూడూ. డ్రైవర్లంటే మీకు మరీ జాలి సార్" అంది. గదంతా నవ్వారు. మళ్ళీ అదే నవ్వు. ఈ వయసులో ఇంకోసారి నలుగురిలో నవ్వులపాలయ్యాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్ళలో నేను మొదటివాణ్ణి. ఆ పొద్దున దుత్త కోసం వెతుకుతూ కూర్చున్నాను.

మనవాడు ఆ రోజు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలెత్తుకుని చెన్నై రేవుకి బయల్దేరాడు. వాడి చుక్క నా తెర మీదే ఉంది, నేనిక్కడ చేరానని వాడికీ తెలుసు. పదీ పదిహేనుకి చిలకలూరిపేట దాటాక ఫోన్ చేశాడు.

"అన్నా, నేను."

"చెప్పండి" అన్నాను. అక్కడ ప్రతి కాలూ రికార్డవుతుంది. డ్రైవర్లని మీరు అనాలి. అంతకుముందు నేను వాణ్ణి ఎప్పుడూ మీరు అనలేదు.

"మా అమ్మకి బాలేదన్నా. చెల్లెలు ఫోన్ చేసింది. ఊపిరి అందట్లేదంట. నా పేరే అంటా ఉందంట. మేదరమెట్ల దగ్గర బండి పక్కన పెట్టి ఊళ్ళోకి పోయొస్తా. రెండు గంటలన్నా. రెండంటే రెండు."

డ్రైవర్ల తల్లుల సంగతి నాకు కొత్త కాదు. బోర్డు రోజుల్లో వంతు పోకుండా ఇంటికెళ్ళి రావాలనుకున్న ప్రతివాడికీ తల్లి మంచాన పడేది. కొందరి తల్లులు ఏడాదికి రెండుసార్లు పోయేవాళ్ళు. వీడు కూడా ఒకసారి అమ్మకి జ్వరమని చెప్పి తిరునాళ్ళకెళ్ళి, మర్నాడు రంగుల కళ్ళజోడుతో దిగాడు. కాబట్టి ఇది కూడా అబద్ధమనే అనుకున్నానని ఇక్కడ రాసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ వాడి గొంతు విన్నాక అది అబద్ధం కాదని నాకు తెలుసు. తెలిసే మాట్లాడాను.

ఆ పూట రెండు అనుమతులు అయిపోయాయి. మూడోది మిగిలే ఉంది. తెర మీద కుడివైపు పచ్చగా కనపడుతూనే ఉంది. నా వేలికీ దానికీ జానెడు దూరం.

"మీ లోడుకి షిప్పు టైముందండి. ఆగడానికి కుదరదండి" అన్నాను.

"అన్నా, నువ్వు అమ్మని చూశావుగా. మా ఇంట్లో తిన్నావుగా."

"ఈ కాల్ రికార్డవుతోందండి. పర్మిషన్ ఇవ్వడానికి మా చేతిలో ఏమీ ఉండదండి."

వెనక ఎవరో హారన్ కొట్టారు. తర్వాత, "సరే సార్" అని పెట్టేశాడు.

ఆ సార్ అన్న మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. బల్ల మీదికి వంగి నా మొహం మీద నవ్విన మనిషి చేత సార్ అనిపించుకున్నాను. ఏడో నంబరు నాటి మంట ఆ పూటకి చల్లారింది. టీ తెప్పించుకుని తాగాను.

మేదరమెట్ల దగ్గర చుక్క పది నిమిషాలు ఆగింది. కళ్ళప్పగించి చూశాను. ఎర్రబడితే బాగుండుననే అనుకున్నాను. కానీ పదకొండో నిమిషంలో కదిలింది. అద్దంకి వైపు తిరగలేదు, తిన్నగా ఒంగోలు దారి పట్టింది. చూశావా, తల్లి చచ్చిపోతుంటే ఎవడైనా ఇలా పోతాడా, ఇదీ తిరునాళ్ళ జ్వరమే అనుకున్నాను. గొంతు విని నమ్మిన నిజాన్ని చుక్కని చూసి మార్చేసుకున్నాను. నాకది సుఖంగా ఉంది.

అక్కడితో ఊరుకోలేదు. పదకొండూ నలభైకి నేనే ఫోన్ చేశాను. చెయ్యాల్సిన పనేమీ లేదు, చుక్క బాగానే కదులుతోంది.

"ఎక్కడున్నారండీ?"

"మేదరమెట్ల దాటా సార్." గొంతు బొంగురుగా ఉంది. బండి చప్పుడులో అంతకంటే తెలియలేదు.

"అమ్మగారికి ఎలా ఉందండీ? లేచి కూర్చున్నారా?"

అవతల గేరు మారిన చప్పుడైంది. "బాగానే ఉంది సార్."

"చూశారా మరి. రోడ్డు మీద బండి కదిలితే ఇంట్లో రోగాలు వాటంతటవే తగ్గుతాయి" అన్నాను. పక్క కుర్చీలో కుర్రాడు కిసుక్కుమన్నాడు. ఈసారి నవ్వించింది నేను.

పన్నెండూ పదికి ఆ చుక్క ఒంగోలు బైపాస్ మీదుగా దాటింది. నాకు నిమిషంతో సహా గుర్తుంది, ఎందుకంటే క్యారేజీ విప్పుతూ తెర వైపు చూశాను. పప్పూ అన్నం కలుపుకుని తిన్నాను. మధ్యాహ్నం రెండున్నరకి డ్యూటీ దిగేటప్పటికి మూడో అనుమతి వాడకుండానే మిగిలిపోయింది. మా టీం లీడరు చూసి, "గుడ్ సార్" అంది.

అప్పుడే కావలి దగ్గర చుక్క ఆగింది, ఇంకా ఎర్రబడలేదు. సాయంత్రం నా తర్వాత కూర్చున్నవాడు ఫోన్ చేస్తే పంచరన్నారట. మర్నాడు పొద్దునకీ కదలకపోతే కంపెనీ మనిషిని పంపారు. అక్కడ ధాబా బల్ల మీద ఫోనుంది గానీ మనవాడి బండి లేదు. చార్జింగు తీగ పెట్టి ఉంది. పక్కన ఇంకో డ్రైవరు దానికి కాపలా కూర్చుని ఉన్నాడు. యాప్‌లోంచి మనవాడి ఐడీ ఆ పూటే తీసేశారు. మిర్చి షిప్పుకి అందలేదు.

ఏం జరిగిందో నాకు తెలిసింది మూడు వారాల తర్వాత. ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ వచ్చి ఎవరో కలవాలంటున్నారన్నాడు. గేటు బయట వీడు నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో డెత్ సర్టిఫికెట్ జిరాక్సు. ఐడీ తిరిగి కావాలంటే ఆగినందుకు రుజువు జతచేసి అర్జీ పెట్టుకోవాలని మెసేజొచ్చిందట. మా అమ్మ పోయినట్టు కాయితం తెచ్చానన్నా, ఎక్కడివ్వాలి అని అడిగాడు. రోడ్డవతల టీ బంకు దగ్గరికి తీసుకెళ్ళాను. బల్ల మీద కూర్చోబెట్టి రెండు టీలు చెప్పాను. వాడే మొత్తం చెప్పాడు.

నేను కుదరదన్నాక మేదరమెట్ల దగ్గర పెట్రోలు బంకులో బండి పెట్టాడు. అక్కడ వీడి స్నేహితుడొకడు, బోర్డు రోజుల నుంచి ఒకే చోట వండుకుని తిన్నవాడు, పత్తి బేళ్ళతో కోయంబత్తూరు పోతూ టీకి ఆగాడు. ఈ మధ్య డ్రైవర్లు ఒక ఉపాయం నేర్చుకున్నారు. ఫోన్ని అటే పోయే ఇంకో బండిలో పంపితే తెర మీద చుక్క కదులుతూ ఉంటుంది, మనిషి ఎక్కడైనా ఉండొచ్చు. వీడు తన ఫోన్ స్నేహితుడి చేతిలో పెట్టి, కావలి ధాబాలో తన కోసం ఆగమన్నాడు. వెనకే తన బండితో వచ్చి తీసుకుంటానన్నాడు.

"వాడికి చెప్పా అన్నా. ఆఫీసు నంబరొస్తే ఎత్తి నా మాదిరే మాట్లాడు. వేరే ఏదొచ్చినా ఎత్తమాక. నీ గొంతు వింటే ఇంట్లోవాళ్ళు కంగారు పడతారు. ఇంటి నుంచొచ్చినా ఎత్తమాక, నేను ఇంటికేగా పోతున్నా అన్నా."

ఆటో పట్టుకుని ఇంటికెళ్ళాడు. తలుపుకి తాళం ఉంది. పక్కింటి ముసలాయన, "ఎక్కడున్నావురా? ఊపిరి మరీ కష్టమైతే మీ చెల్లెలు ఒంగోలు పెద్దాసుపత్రికో ఎక్కడికో తీసుకుపోయింది. నీకు ఫోన్ చేస్తానే ఉంది" అన్నాడు. చెల్లెలి నంబరు వీడికి నోటికి రాదు, ముసలాయన దగ్గరా లేదు. అందరి నంబర్లూ ఫోన్లోనే ఉన్నాయి, ఫోన్ ఒంగోలు దారిలో ఉంది. ముసలాయన ఫోన్ అడిగి, నోటికొచ్చిన ఒకే ఒక్క నంబరుకి చేశాడు. తన నంబరుకే.

"నాలుగుసార్లు చేశా అన్నా. మోగుద్ది, ఆగుద్ది. వాడు ఎత్తలా."

కోయంబత్తూరు పోయే ఆ పత్తి లారీలో ఉన్న ఫోనుకి ఆ గంటలో వీడి చెల్లెలు ఆరుసార్లు చేసింది. తెర మీద చెల్లి అని పడింది. ఎత్తొద్దన్నాడు కాబట్టి స్నేహితుడు ఎత్తలేదు. కొత్త నంబరు కూడా ఎత్తలేదు. నేను చేసినప్పుడు మాత్రం ఎత్తాడు. అమ్మగారు లేచి కూర్చున్నారా అని నేను అడిగింది ఆ స్నేహితుణ్ణే. బాగానే ఉంది సార్ అన్నది ఆ స్నేహితుడే.

చెల్లెలు చెప్పాలనుకున్నది ఒక్కటే మాట. ఊళ్ళోకి రావద్దు, తిన్నగా ఒంగోలు వచ్చెయ్, బైపాస్ పక్కనే ఆసుపత్రి అని.

"ఆరుసార్లు చేశాక అమ్మే వద్దందంటన్నా. బండి మీదున్నాడేమోనే, మాటిమాటికీ చెయ్యమాక, చెయ్యి జారుద్ది అందంట. ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగి మరీ చెప్పిందంట. ఇంక మా చెల్లెలు చెయ్యలా." వాడు ఏడవలేదు. మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు. నేను రోడ్డు వైపు చూశాను.

వాడు బస్సులో ఒంగోలు చేరి, రెండు ఆసుపత్రులు తిరిగి, మూడోదానికి వెళ్ళేసరికి దాదాపు మూడయింది. ఆవిడ రెండు కాకముందే పోయింది. చివరిదాకా తెలివుందట. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు చూసిందట. సాయంత్రం ఊళ్ళో మట్టి చేశారు.

"ఆ రోజు నా ఫోన్ ఒంగోలు ఎన్నింటికి దాటిందో మీ కంప్యూటర్లో ఉంటదా అన్నా?" అని అడిగాడు.

కంప్యూటర్ చూడక్కర్లేదు. "పన్నెండూ పది" అన్నాను.

వాడు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "అంటే ఇంకా గంటన్నర పైనే ఉంది. కళ్ళు తెరిచే ఉంది. ఫోన్ ఆమె పక్క నుంచే పోయింది" అన్నాడు. ఫోన్ దగ్గరుంచుకుని నేను చెప్పినట్టు తిన్నగా పోయినా తల్లిని చూసేవాడు. నేను బటన్ నొక్కి ఉంటే ఫోన్ వాడి జేబులోనే ఉండేది, అప్పుడూ చూసేవాడు. నా మాట కాదని దొంగతనంగా వెళ్ళాల్సి వచ్చింది కాబట్టే చూడలేకపోయాడు. ఇది నాకు టీ బంకు దగ్గర కూర్చున్న ఆ నిమిషంలోనే అర్థమైంది. వాడికి అర్థం కాలేదు, ఎందుకంటే బటనున్న సంగతి వాడికి తెలియదు.

వాడి కోపమంతా స్నేహితుడి మీదే ఉంది. "చెల్లి అని పేరు కనపడతా ఉంటే ఎట్టా ఊరుకున్నాడన్నా? ఆరుసార్లు! ఎత్తొద్దన్నానే అనుకో, మనిషికి బుద్ధుండక్కర్లా? మూడోరోజు ఫాతెహా నాడు వచ్చి గుమ్మం ముందు పొద్దుగూకేదాకా కూచున్నాడు. తలుపు తియ్యలా. వాడి పెళ్ళాం వచ్చి కాళ్ళు పట్టుకున్నా మాట్లాడలా. ఈ జన్మకి వాడి మొహం చూడను."

వాడి మాట కాదనకుండా వాడు చెప్పింది చెప్పినట్టు చేసినవాడు ఆ స్నేహితుడు. పైగా వీడి ఐడీ పోకూడదని రాత్రంతా ధాబా బల్ల మీద ఫోనుకి కాపలా కూర్చున్నాడు. అందరిలోకీ తప్పు లేనివాడు ఎవడంటే వాడే. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నిన్నేం అనట్లేదన్నా" అన్నాడు. "పాపం నీ చేతిలో ఏముంది? నువ్వు ఉద్యోగస్తుడివి. నీ చేతిలో ఉంటే ఇవ్వవా? అమ్మని చూసినోడివి."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. రోజుకి మూడు ఉంటాయిరా, ఆ రోజు ఒకటి మిగిలిందిరా, నలుగురిలో నన్ను చూసి నవ్వావని ఇవ్వలేదురా అంటే అయిపోయేది. వాడు నన్ను కొట్టేవాడు. బండెక్కి తిన్నగా స్నేహితుడి ఇంటికి పోయేవాడు. ఇద్దరూ పట్టుకుని ఏడ్చేవాళ్ళు. అవన్నీ నాకు కళ్ళకి కట్టినట్టు కనపడ్డాయి. సార్ అని ఫోన్ పెట్టేసిన మనిషి మళ్ళీ నన్ను అన్నా అంటున్నాడు, నేనది పోగొట్టుకోదలచుకోలేదు.

"కాయితం ఇటివ్వు, నేను రాయిస్తా. రెండ్రోజుల్లో నీ ఐడీ వస్తది" అన్నాను. జిరాక్సు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నీ రుణం తీర్చుకోలేనన్నా" అన్నాడు. ఇంకా నా వైపే చూస్తున్నాడు. నా నోటి నుంచి ఒక మాట కోసం చూస్తున్నాడని తెలుస్తోంది.

"వాడు ఎత్తాల్సిందిరా" అన్నాను.

"అదే కదన్నా నేననేది" అన్నాడు వాడు. అప్పటిదాకా ముట్టని టీ గ్లాసు తీసుకుని, చల్లారిపోయిందంతా ఒక్క గుక్కలో తాగేశాడు.